విశాఖ తేమలో గడ్డకట్టిన ఎరువు: కోటింగ్ మీద పడ్డ నింద, ఒక కేస్ స్టడీ

విశాఖపట్నం శివారు పారిశ్రామికవాడలోని ఒక చిన్న మిక్స్‌చర్ ఎరువుల యూనిట్ కేసు ఇది. సామర్థ్యం గంటకు పది టన్నులు. యూరియా, డీఏపీ (డైఅమ్మోనియం ఫాస్ఫేట్), పొటాష్ (పొటాషియం క్లోరైడ్), కొంత ఫిల్లర్ (బరువు సరిపెట్టే పొడి) కలిపి, ఆవిరితో తడిపి, తిరిగే డ్రమ్ములో గుళికలు కట్టిస్తారు. వాటిని ఆరబెట్టి, జల్లించి, చల్లార్చి, చివర నూనె, పొడి పూసి 50 కిలోల బస్తాల్లో నింపుతారు. సరుకు ఎక్కువగా అనకాపల్లి, విజయనగరం, శ్రీకాకుళం డీలర్లకు పోతుంది. మే నెల నుంచి తయారుచేసి నిల్వపెట్టుకుంటే జూలై, ఆగస్టుల్లో వరినాట్లకు అమ్ముడవుతుంది. ఆ రెండు మూడు నెలల నిల్వలోనే బస్తాలు రాళ్లయిపోయాయి.

యూనిట్ పేరు గానీ ఎరువు గ్రేడు (పోషకాల పాళ్లు) గానీ రాయను. ఆ షరతు మీదే యజమాని ఈ కేసు రాయడానికి ఒప్పుకున్నారు.

ఫిర్యాదు మామూలు ఫిర్యాదే. బస్తా విప్పితే గుళికలు జారడం లేదు, ముద్దలుగా వస్తున్నాయి. కొన్నిటిని పలుగుతో కొట్టాల్సి వచ్చింది. చేత్తో చల్లే రైతుకు ఇది చిన్న ఇబ్బంది కాదు. గడ్డ పడిన చోట మొక్క మాడుతుంది, పడని చోట పైరు పసుపు తిరుగుతుంది. ల్యాబ్ రిపోర్టులో నత్రజని, భాస్వరం అంకెలన్నీ సరిగ్గా ఉన్నా ఆ బస్తా రెండోసారి కొనడు. డీలర్లు సరుకు వెనక్కి పంపడం మొదలుపెట్టారు.

కారణం వెతకడానికి నేను వెళ్లేసరికే యూనిట్‌లో తీర్పు అయిపోయింది: కోటింగ్ ఆయిల్ నాసిరకం. సప్లయర్‌ని మార్చారు. కొత్త ఆయిల్‌తోనూ గడ్డలు వస్తుంటే మోతాదు టన్నుకు రెండు కిలోల నుంచి నాలుగుకు పెంచారు. దాంతో నూనె బస్తా బయటికి ఊరి అక్షరాలు చెరిగిపోయాయి, నెట్టు కట్టిన (దొంతరగా పేర్చిన) బస్తాలు ఒకదాని మీద నుంచి ఒకటి జారడం మొదలైంది. గడ్డలు మాత్రం తగ్గలేదు. మోతాదు రెట్టింపు చేసినా ఫలితంలో మార్పే లేదంటే మూలం వేరే చోట ఉందని అనుమానించాలి. ఇక్కడ మాత్రం ఐదు కిలోలకు పెంచుదామా అని ఆలోచిస్తున్నారు.

గడ్డ ఎలా పుడుతుంది

కోటింగ్ గురించి మాట్లాడే ముందు ఈ విషయం తేల్చుకోవాలి. గుళిక పొడిగా కనిపించినా దాని పైన, లోపలి సన్నటి రంధ్రాల్లో కొంత నీరు ఉంటుంది. అది ఉత్త నీరు కాదు, ఎరువు కరిగిన చిక్కటి ద్రావణం. రెండు గుళికలు ఆనుకున్న చోట ఆ ద్రావణం చేరుతుంది. అక్కడ నీరు ఆరినా, ద్రావణం చల్లబడినా కరిగిన ఉప్పు స్ఫటికమై రెండిటినీ అతికిస్తుంది. ఒక్కో బస్తాలో ఇలాంటి అతుకులు లక్షల్లో ఉంటాయి. పైబరువు గుళికల్ని నొక్కి ఆనుకునే చోటును పెంచుతుంది కాబట్టి అతుకు ఇంకా గట్టిపడుతుంది.

యూరియా ఉన్న ఎరువుల్లో ఇది మరీ ఎక్కువ. ఎందుకో యూరియా కరిగే తీరు చూస్తే అర్థమవుతుంది. 100 గ్రాముల నీటిలో 20 డిగ్రీల దగ్గర దాదాపు 108 గ్రాముల యూరియా కరుగుతుంది, 40 దగ్గర 167, 60 దగ్గర 251. అంటే 60 డిగ్రీల వేడితో బస్తాలోకి వెళ్లిన గుళిక గోడౌన్‌లో 40కి చల్లారేలోపు ప్రతి 100 గ్రాముల నీటి నుంచి 84 గ్రాముల యూరియా బయటపడి స్ఫటికమవుతుంది. బస్తాలో ఒక శాతం తేమ ఉందనుకుంటే నీరు అర కిలో. ఆ నీరంతా యూరియాతో నిండి ఉందనుకుంటే 400 గ్రాములకు పైగా యూరియా కొత్త స్ఫటికాలుగా మారి గుళికల సందుల్లో చేరుతుంది. నిజానికి మిగతా లవణాలు కూడా ఆ నీటిలో ఉంటాయి, అంత నీరూ అతుకుల దగ్గరికి రాదు, కాబట్టి అసలు అంకె ఇంతకంటే తక్కువే. అందులో కొద్ది భాగం చాలు బస్తా బిగుసుకుపోవడానికి. పొటాష్ కరిగే గుణం వేడితో ఇంతగా మారదు, వంటింటి ఉప్పుది అసలు మారదనే చెప్పాలి. అందుకే వేడిగా నింపడం అనే ఒకే తప్పుకు యూరియా ఎరువు మిగతావాటికంటే ఎక్కువ శిక్ష వేస్తుంది.

మిక్స్‌చర్‌లో ఇంకో తలనొప్పి ఉంది. డీఏపీ, పొటాష్ కలిసిన చోట అవి మెల్లగా ఒకదానితో ఒకటి అయాన్లు మార్చుకుంటాయి. అమ్మోనియం క్లోరైడ్, పొటాషియం ఫాస్ఫేట్ పుడతాయి. గ్రాన్యులేటర్‌లో (గుళికలు కట్టే డ్రమ్ములో) మొదలైన ఈ చర్య ఆరబెట్టాక కూడా కొన్ని రోజులు సాగుతుంది. ఆ చర్య బస్తాలో జరిగితే కొత్త స్ఫటికాలు కూడా బస్తాలోనే పుడతాయి. పెద్ద ప్లాంట్లు సరుకును రాశిగా పోసి కొన్నాళ్లు మాగనిచ్చి, గడ్డలు రాశిలోనే కట్టనిచ్చి, వాటిని పగలగొట్టి జల్లించాకే బస్తా కడతాయి. ఈ యూనిట్‌లో అందుకు జాగా లేదు. కూలర్ నుంచి కోటింగ్ డ్రమ్ముకి, అక్కడి నుంచి నేరుగా బస్తాకి.

కళాసీ మాట

గోడౌన్‌లో నెట్లు విప్పించి చూడటం మొదలుపెట్టాను. అన్ని బస్తాలూ గడ్డకట్టలేదు. ఒకే నెట్టులో పక్కపక్క వరసల్లో ఒకటి గుల్లగా ఉంటే ఇంకోటి రాయిలా ఉంది. ఆయిల్ ఒకటే, పొడి ఒకటే, తేదీ కూడా ఒకటే. దీనికి జవాబు ల్యాబ్ నుంచి రాలేదు. బస్తాలు మోసే పెద్ద వయసు కళాసీ ఒకాయన చెప్పాడు: "రేత్రి కట్టిన బస్తాలు బాబూ అయి. ఈపు మీదెడితే సుర్రుమంటాయి. పగలు కట్టినవి అంత ఏడుండవు."

బస్తాల మీద షిఫ్టు కోడ్ ఉంది. గడ్డకట్టినవి ఒక పక్కన, కట్టనివి ఒక పక్కన వేయించి కోడ్‌లు రాయించాం. ఆయన మాటే నిజమైంది. గడ్డల్లో ఎక్కువ భాగం రాత్రి షిఫ్టువి. ఆ రాత్రి నింపుతున్న బస్తాల్లోకి థర్మామీటర్ గుచ్చితే 50 దాటింది. పగటి బస్తాలు 40కి కాస్త పైన ఉన్నాయి. రాత్రి బయట గాలి చల్లగా ఉంటుంది కదా, సరుకు పగటికంటే చల్లగా రావాలి. మరి ఎందుకు వేడిగా వస్తోంది?

కూలర్ ప్యానెల్ పక్కన గోడకు అతికించిన ఒక కాగితంలో జవాబు ఉంది: "గాలిలో తేమ 85 శాతం దాటితే కూలర్ ఫ్యాన్ ఆపాలి." అది ఎవరు రాశారో ఎవరికీ గుర్తులేదు. సముద్రపు ఊళ్లో, వానాకాలం రాత్రుల్లో తేమ 85 దాటడం రోజూ ఉన్నదే. ఆపరేటర్ మీటర్ చూసి, నిబంధన ప్రకారం, నిజాయితీగా ఫ్యాన్ ఆపేస్తున్నాడు. తడి గాలి ఎరువు మీదికి పోకూడదన్నది అతని ఆలోచన. ఫ్యాన్ ఆగాక కూలర్ డ్రమ్ములో గుళికలు ఊరికే దొర్లి, వేడి వేడిగా కోటింగ్‌కు వెళ్లిపోతున్నాయి.

ఆ నిబంధన పూర్తిగా పిచ్చిది కాదు. గోడౌన్‌లో చల్లారి పడి ఉన్న సరుకుకు అది సరిపోతుంది. తేమ 85 ఉన్నప్పుడు గోడౌన్ తలుపులు తెరిచిపెట్టకూడదు, రాశి మీద టార్పాలిన్ తీయకూడదు. కానీ మీటర్ చెప్పే శాతం ఆ గాలి ఉన్న ఉష్ణోగ్రతకు సంబంధించింది. వేడి గుళికను తాకి గాలి వేడెక్కగానే ఆ శాతం పడిపోతుంది. గుళికకు అక్కర ఉన్నది తన ఒంటి వేడి దగ్గర ఆ గాలి ఎంత తడిగా ఉందన్నదే.

లెక్క వేసి చూపించాను. రాత్రి గాలి 28 డిగ్రీలు, తేమ 88 శాతం అనుకుందాం. అందులో నీటి ఆవిరి పీడనం సుమారు 3.3 కిలోపాస్కల్‌లు. 40 డిగ్రీల దగ్గర గాలి పట్టగల ఆవిరి పీడనం 7.4. అంటే 40 డిగ్రీల గుళిక పక్కన ఆ గాలి తేమ 45 శాతమే. ఇప్పుడు పగలు చూడండి. 34 డిగ్రీలు, 70 శాతం. ఆవిరి పీడనం 3.7. అదే 40 డిగ్రీల గుళిక పక్కన 50 శాతం. మీటర్ మీద భయంకరంగా కనిపించే రాత్రి గాలే పగటి గాలి కంటే పొడిగా తేలింది, పైగా ఆరు డిగ్రీలు చల్లన. సూపర్‌వైజర్ ఈ లెక్క రెండుసార్లు తనే వేసుకున్నాడు. ఆ కాగితం తీసేసిందీ అతనే.

దీనికి అవతలి హద్దు కూడా ఉంది. ఏ ఎరువైనా ఒక స్థాయి దాటిన తేమ దగ్గర గాలి నుంచి నీటిని పీల్చుకుంటుంది. 30 డిగ్రీల దగ్గర యూరియా ఒక్కదానికి ఆ స్థాయి 73 శాతం దగ్గర, డీఏపీకి 83, పొటాష్‌కు 84. కానీ రెండు లవణాలు కలిస్తే హద్దు విడివిడి అంకెల కంటే కిందికి పోతుంది. యూరియాతో పొటాష్ కలిస్తే 60 దగ్గర, డీఏపీ కలిస్తే 62 దగ్గర. మూడూ కలిస్తే ఇంకా కిందికే. (అమ్మోనియం నైట్రేట్‌తో యూరియా కలిస్తే 18 శాతం. ఆ రెండిటినీ ఒకే గోడౌన్‌లో పక్కపక్కన పోయనివ్వకపోవడానికి అదొక కారణం.) 33 డిగ్రీలు, 75 శాతం తేమ ఉన్న గాలితో మన గుళికను 36 డిగ్రీలకు దించితే దాని పక్కన తేమ 63 దాటుతుంది, గుళిక చెమర్చడం మొదలవుతుంది. 38 దగ్గర 57 శాతం. కాబట్టి మామూలు గాలితో చల్లార్చేటప్పుడు ఈ సరుకు లక్ష్యం 40. అంతకు బాగా పైన ఉంటే బస్తాలో స్ఫటికాలు పుడతాయి, 37కి దిగితే కూలర్‌లోనే తడుస్తుంది. ఈ రెండు హద్దుల మధ్య సందు చాలా ఇరుకైనది. "చల్లగా అయ్యేకొద్దీ మంచిదే కదా" అనుకునేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

రాత్రి సమస్య ఫ్యాన్ వేయడంతో తీరింది. పగలు 34 డిగ్రీల గాలితో 40కి దించడం కష్టం, గాలికీ సరుకుకీ మధ్య తేడా ఆరు డిగ్రీలే. డీహ్యూమిడిఫైయర్ (గాలిలో తేమ తీసే యంత్రం) పెట్టి గాలినే చల్లబరిచి ఇవ్వొచ్చు గానీ ఆ ఖర్చు ఇంత చిన్న యూనిట్ మోయలేదు. ఇంకో దారి పట్టాం. పగటి సరుకును కోటింగ్ చేయకుండా, మూసిన షెడ్డులో రెండు అరలు కట్టి రాశిగా పోసి, పైన టార్పాలిన్ కప్పి, రాత్రి మళ్లీ కూలర్ మీదుగా నడిపించి, జల్లించి, పూత వేసి బస్తా కట్టడం. దీంతో డీఏపీ–పొటాష్ చర్యకు కూడా కొంత గడువు దొరికింది. లోడర్ ఒకటి అదనంగా తిరగాలి, డీజిల్ ఖర్చు. యజమాని కొంచెం గునిసి ఒప్పుకున్నారు.

ఇప్పుడు పూత సంగతి

కోటింగ్ మీద పడ్డ నింద తప్పని చెప్పానంటే అది బాగుందని కాదు. డ్రమ్ము లోపల చూస్తే నాకే నవ్వొచ్చింది.

నూనె వచ్చేది ఒక ఇనప పైపులోంచి. దానికి డ్రిల్లు మిషన్‌తో రంధ్రాలు పొడిచారు. నూనె తుంపరగా కాకుండా ధారగా పడుతోంది. డ్రమ్ము పొడుగునా లిఫ్టర్లు ఉన్నాయి. అవి గుళికల్ని పైకెత్తి జల్లుగా వదులుతాయి. జల్లు మధ్య ఖాళీల్లోంచి నూనె నేరుగా డ్రమ్ము గోడ మీద పడి, దాని మీద పొడి అంటుకుని, అరంగుళం మందాన పెచ్చు కట్టింది. ఆ పెచ్చులు ఊడి బస్తాల్లోకి వెళ్తుంటే వాటిని కూడా డీలర్లు గడ్డలుగానే లెక్కపెట్టారు.

నూనెలో కరిగే నీలం రంగు కలిపి కొద్దిసేపు నడిపించాం. ఈ పరీక్షకు ఖర్చు లేదు, వాదన కూడా మిగలదు. డ్రమ్ము చివర పట్టిన గుళికల్ని తెల్ల కాగితం మీద పరిస్తే కొన్ని ముదురు నీలం, చాలావాటికి ఒక పక్క మచ్చ, మిగతావి అసలు రంగే అంటనివి. ఆ సరుకును బస్తాల్లోకి పోనివ్వకుండా తిరిగి గ్రాన్యులేటర్‌కి పంపాం.

పూత ఎంత పల్చనో చెప్తే ఆపరేటర్లు మొదట నమ్మలేదు. 3 మి.మీ. గుళికలు ఒక కిలో తీసుకుంటే, ఘనపు సెంటీమీటరుకు 1.6 గ్రాముల సాంద్రత దగ్గర, వాటి మొత్తం ఉపరితలం సుమారు 1.25 చదరపు మీటర్లు. టన్నుకు రెండు కిలోల నూనె అంటే కిలోకు రెండు గ్రాములు. అంత జాగా మీద సమంగా పరిస్తే పొర మందం రెండు మైక్రాన్లు కూడా రాదు. తల వెంట్రుక మందంలో పాతికో వంతు కూడా ఉండదు. ఇంత పల్చటి పొరను మోతాదు పెంచి సాధించలేం. పరిచే పద్ధతి సరిగ్గా ఉండాలి. ధారగా పోసేచోట నాలుగు కిలోలు పోసినా తడిసిన గుళికే ఇంకా తడుస్తుంది, పక్కది అలాగే మిగులుతుంది.

దుమ్ము సంగతి ఇంకా ఘోరం. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు 1985 ప్రకారం గుళికల్లో 90 శాతం 1 నుంచి 4 మి.మీ. మధ్య ఉండాలి. ఆ నిబంధన పాటిస్తూనే సరుకులో రెండు శాతం మెత్తటి దుమ్ము ఉండొచ్చు. కణం చిన్నదయ్యేకొద్దీ కిలోకు ఉపరితలం పెరుగుతుంది. 0.1 మి.మీ. దుమ్ముకు అది కిలోకు 37.5 చదరపు మీటర్లు. లెక్క వేస్తే బరువులో రెండే శాతం ఉన్న దుమ్ము మొత్తం ఉపరితలంలో మూడో వంతుకు పైగా ఆక్రమిస్తుంది. నూనెలో అంత వాటా దానికే పోతుంది. పైగా నూనె పట్టిన దుమ్ము గుళికల మధ్య బంకలా కూర్చుంటుంది. జల్లెడల్లో రెండు చిరిగి ఉన్నాయి. వాటిని మార్చడం మొత్తం పనిలోకెల్లా చవకైన పని.

డ్రమ్ములో చేసిన మార్పులు ఇవి. స్ప్రే పడే మొదటి భాగంలో లిఫ్టర్లు కోసేశాం, గుళికలు ఎగిరిపడకుండా ఒకదాని మీద ఒకటి దొర్లేలా. రంధ్రాల పైపు తీసేసి, చదునుగా విసిరే నాజిల్స్ పెట్టి, దొర్లే సరుకు పైభాగం మీద తుంపర పడేలా తిప్పాం. చివర అడ్డంగా ఒక రింగు వెల్డ్ చేశాం, లోపల సరుకు లోతు పెరిగి ఎక్కువసేపు దొర్లడానికి. డ్రమ్ము 1.2 మీటర్ల వ్యాసం, 4 మీటర్ల పొడవు. గుళికలు గోడకు అతుక్కుని చుట్టూ తిరిగిపోయే వేగం ఈ వ్యాసానికి నిమిషానికి 38 చుట్లకు కాస్త పైన. అందులో మూడో వంతు, అంటే 12, 13 చుట్ల దగ్గర దొర్లుడు బాగుంటుంది. వీళ్లు 20కి పైగా తిప్పుతున్నారు. డ్రమ్ములో 15 శాతం నిండి ఉంటే, గంటకు పది టన్నుల దగ్గర, గుళిక దాదాపు నాలుగు నిమిషాలు లోపల ఉంటుంది. ఆ సమయం చాలు.

నూనెను వేడిగా ఉంచడం ఇంకో ముఖ్య విషయం. ఈ ఆయిల్స్‌లో ఖనిజ తైలంతోపాటు మైనం, ఫ్యాటీ అమైన్ ఉంటాయి. అమైన్ మామూలు వేడి దగ్గర గట్టిగా ఉండే పదార్థం. 70, 80 డిగ్రీల దగ్గర ఆ మిశ్రమం పల్చగా, నీళ్లలా పారుతుంది. వీళ్లు డబ్బాను వేడి చేస్తున్నారు గానీ డబ్బా నుంచి డ్రమ్ము దాకా పైపు వానలో బయటే ఉంది. నాజిల్ దగ్గరికి వచ్చేసరికి నూనె చిక్కబడుతోంది. పైపుకు హీటింగ్ టేపు చుట్టి, పైన ఇన్సులేషన్ వేయించాం. బెల్టు మీద సరుకు తూకాన్ని బట్టి నూనె పంపు వేగం మారేలా కట్టించాం. అంతకుముందు బెల్టు ఖాళీగా నడిచినా నూనె పడుతూనే ఉండేది.

అమైన్ ఎందుకన్నది యజమానే అడిగారు, ఉత్త నూనె చవక కదా అని. ఉత్త నూనె పొడిని అంటించి ఉంచుతుంది, దుమ్ము లేవకుండా చూస్తుంది, అంతవరకే. అమైన్ అణువు ఒక చివర స్ఫటికం ఉపరితలానికి పట్టుకుంటుంది, రెండో చివర నీటికి ఎడంగా ఉంటుంది. అది కూర్చున్న చోట కొత్త స్ఫటికం సరిగ్గా పెరగదు, పెరిగినా అతుకు బలహీనంగా వస్తుంది, వేలితో నొక్కితే విడిపోతుంది. ఉప్పులో కలిపే ఫెర్రోసయనైడ్ చేసేది కూడా ఈ కోవకు చెందిన పనే, స్ఫటికం పెరిగే ఆకారాన్నే మార్చేస్తుంది. యూరియాకు వేప నూనె పూత ఉంది కదా, అది సరిపోదా అన్నది ఇంకో ప్రశ్న. దేశంలో తయారయ్యే సాగు యూరియా అంతటికీ 2015లో వేప పూత తప్పనిసరి చేశారు, నిజమే. ఆ పూత నేలలో నత్రజని వృథా తగ్గించడానికి. పైగా ఇక్కడ యూరియాను నలగ్గొట్టి గ్రాన్యులేటర్‌లో వేస్తారు కాబట్టి ఆ పూత గుళిక లోపలికి పోతుంది, బయట మిగలదు.

ఇక పొడి. వీళ్లు చైనా క్లే (తెల్ల బంకమట్టి పొడి) వాడుతున్నారు. సంచులు వరండాలో, వాన జల్లు పడే చోట. క్లేకి నీళ్లంటే ఇష్టం, తడిసిన క్లే చల్లితే గడ్డకు మనమే నీళ్లు పోసినట్టు. టాల్క్‌కి మారమన్నాను. బలపాల రాయి పొడే అది, నీటిని దగ్గరికి రానివ్వదు, పలుచటి రేకుల్లా గుళిక మీద పరుచుకుని గుళికకూ గుళికకూ మధ్య ఎడం ఉంచుతుంది. నూనె, పొడి రెండూ ఒకే చోట పడుతుంటే బురద అవుతోందని పొడిని డ్రమ్ము వెనక భాగానికి జరిపాం. ముందు పొడి, తర్వాత నూనె వేసి బాగా నడుపుకునే ప్లాంట్లు కూడా ఉన్నాయి. ఈ సరుకు మీద మాత్రం నూనె ముందు పడితేనే పొడి నిలిచింది. మొత్తం పొడి, సరుకు బరువులో ఒక శాతం లోపే. ఎక్కువ పోస్తే పోషకాల శాతం తగ్గి శాంపిల్ ఫెయిలయ్యే ప్రమాదం ఉంది, ఆ సంగతి మరిచిపోకూడదు.

నాలుగు రకాల బస్తాలు

యజమానికి మాటలతో నమ్మకం కుదరదు, అది న్యాయమే. నాలుగు రకాల సరుకు చిన్న సంచుల్లో నింపాం: వేడిగా పూత లేకుండా, వేడిగా పూతతో, 40కి చల్లార్చి పూత లేకుండా, 40కి చల్లార్చి పూతతో. పైన బరువులు పెట్టాం. బరువు ఎంత పెట్టాలన్నది నెట్టు నుంచే లెక్కగట్టాం. 50 కిలోల బస్తా సుమారు 0.45 చదరపు మీటర్ల మీద కూర్చుంటుంది. పైన ఇరవై బస్తాలుంటే అడుగు బస్తా మీద చదరపు సెంటీమీటరుకు 0.22 కిలోలు. అంతే బరువు పెట్టి గోడౌన్ మూలన వదిలేసి, కొన్ని వారాల తర్వాత సంచుల్ని నడుము ఎత్తు నుంచి సిమెంటు నేల మీద పడేసి, అరంగుళం జల్లెడలో జల్లించి, పైన మిగిలిన గడ్డల్ని తూచాం.

వేడిగా నింపినవి రెండూ గడ్డకట్టాయి. పూత ఉన్నది కొంచెం తేలిగ్గా విరిగింది, అంతకుమించి తేడా లేదు. చల్లార్చి పూత లేకుండా నింపినదానిలో గడ్డలున్నాయి గానీ వేళ్లతో నలిపితే పొడయ్యాయి. చల్లార్చి పూత వేసినది పడేయగానే గలగలమంది. యజమాని నాలుగో సంచిలో చెయ్యి పెట్టి గుళికల్ని జార్చుకుంటూ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఆయిల్ సప్లయర్‌కి ఫోన్ చేశారు, పాత సప్లయర్‌కి.

గోడౌన్‌లో చేసినవి చిన్న చిన్న పనులు. కొత్తగా కట్టిన బస్తాల్ని మొదటి రెండు వారాలు పన్నెండు వరసలకు మించి నెట్టు కట్టొద్దన్నాను. రేకుల కప్పు కింద తెల్లవారుజామున చెమ్మ బొట్లు పడే వరసల మీద షీటు కప్పించాం. నేల మీద నేరుగా కాకుండా చెక్క ప్యాలెట్లు వేయించాం. కొక్కేలు మానిపించడం అన్నిటికంటే కష్టమైంది. హెచ్‌డీపీఈ (ప్లాస్టిక్) సంచి లోపల ఉండే పల్చటి లైనర్‌కి ఒక్క చిల్లు పడితే చుట్టూ అరచేయంత మేర గడ్డ కడుతుంది. కళాసీలకు కొక్కెం లేకుండా బస్తా పట్టు దొరకదు, కూలీ బస్తాల లెక్కన కాబట్టి వేగం తగ్గితే వాళ్లకే నష్టం. బస్తాకు కొంత కూలీ పెంచాక ఆ పని జరిగింది.

ఒక హెచ్చరిక మాత్రం ఇక్కడే రాయాలి. ఈ నూనె పద్ధతిని అమ్మోనియం నైట్రేట్ మీద ఎవరూ ప్రయోగం చేయకూడదు. నూనె, మైనం లాంటి మండే పదార్థాలు దానిలో 0.2 శాతం మించితే పదార్థం స్వభావమే మారిపోతుంది, పేలుడు పదార్థాల పక్షం చేరుతుంది. దాని గడ్డకట్టే తీరు కూడా వేరు. 32 డిగ్రీల దగ్గర దాని స్ఫటిక రూపం మారి గుళిక ఉబ్బుతుంది, మళ్లీ చల్లారితే కుంచించుకుంటుంది. విశాఖ వేసవిలో పగలు ఆ గీత దాటడం, రాత్రి దిగడం రోజూ జరిగేదే. ఆ సరుకు సంగతి ఆ సరుకు తెలిసినవాళ్లకే వదలాలి.

తర్వాతి ఖరీఫ్‌లో ఈ యూనిట్‌కు వచ్చిన గడ్డల ఫిర్యాదులు చాలా తక్కువ. వచ్చినవాటిలో కూడా ఎక్కువ చిరిగిన లైనర్లవే. ఆయిల్ టన్నుకు రెండు కిలోలకు దిగింది. డ్రమ్ము గోడకు పెచ్చు ఇంకా కడుతూనే ఉంది, పాత వేగంతో కాదు, వారానికోసారి గీకితే సరిపోతోంది.

ఇప్పుడు యజమాని కొంత డీఏపీ తగ్గించి అమ్మోనియం సల్ఫేట్‌తో కొత్త గ్రేడు తీద్దామంటున్నారు. యూరియా, అమ్మోనియం సల్ఫేట్ కలిస్తే తేమ హద్దు 56 దగ్గరికి పడిపోతుంది. 33 డిగ్రీలు, 75 శాతం గాలితో ఆ సరుకు 38 డిగ్రీల దగ్గరే చెమర్చడం మొదలుపెడుతుంది. పొటాష్ కూడా ఉంటే ఆ గీత ఇంకా పైకి జరుగుతుంది, 40 లక్ష్యానికి వెసులుబాటే మిగలదు. చల్లగాలి ప్లాంటు పెట్టకపోతే ఆ గ్రేడు వానాకాలంలో కట్టొద్దని రిపోర్టులో రాసిచ్చాను. డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్య ఒక లాటు తీసి చూద్దామన్నారు. జల్లెడలు, నాజిల్స్, ఆయిల్ అన్నీ అవే. కూలర్ ప్యానెల్ పక్కన అంటించే కాగితంలోని అంకెలు మాత్రం ఆ గ్రేడుకు వేరేగా రాయాలి.